ఒకే సెంటు, ఇద్దరి ఒళ్లు

ఆ వాసన నాకు మొదటిసారి మా ఆఫీసు లిఫ్టులో తగిలింది. కోల్‌కతా సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో పొద్దున పూట లిఫ్టు దగ్గర జనం బారులు తీరి ఉంటారు. ఆ రోజు నేను ఆలస్యంగా వెళ్లాను. లిఫ్టు ఖాళీగా కిందికి వచ్చింది. ఎక్కాను. లోపల ఎవరూ లేరు గానీ ఎవరిదో వాసన ఉంది. తియ్యగా ఉంది, కానీ మిఠాయి దుకాణం తీపి కాదు. ఎండలో ఆరేసిన దుప్పటి తెచ్చి ముఖానికి ఆనించుకున్నట్టు వెచ్చగా ఉంది. ఆడమనిషి వాడిందో మగమనిషి వాడాడో పోల్చుకోలేకపోయాను. ఎవరో తెలియని ఆ మనిషి మీద నాకు అక్కడికక్కడే అసూయ పుట్టింది.

మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ డాక్‌లో పని చేశాడు. మా ఇంట్లో బట్టలన్నిటికీ డీజిలు, తడి గోనె కలిసిన వాసన ఉండేది. ఎంత ఉతికినా పోయేది కాదు. బడిలో నా పక్కన కూర్చునే బెంగాలీ అమ్మాయి జేబురుమాలులోంచి గులాబీ వాసన వచ్చేది. ఆ పిల్ల లేచి వెళ్లాక కూడా కాసేపు బెంచీ మీద ఆ వాసన నిలిచేది. నేను లేచి వెళ్లాక ఆ బెంచీ మీద ఏం మిగిలేదో నాకు తెలుసు. అందుకే, ఎవరైనా వెళ్లిపోయాక కూడా వాళ్ల మంచి వాసన నిలబడిందంటే నాకు ఎక్కడో చురుక్కుమంటుంది.

దుర్గా పూజ సెలవులు అయిపోయాక ఒక మాల్‌లో సెంట్ల దుకాణానికి వెళ్లి, కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి లిఫ్టులో తగిలిన ఆ వాసనను వర్ణించాను. ఆమె ఓపిగ్గా విని, ఒకటి రెండు చూపించి, మూడోది కాగితం ముక్క మీద కొట్టి ఇచ్చింది. అదే. మొదట నారింజ తొక్క గిల్లినట్టు, వెంటనే దాల్చినచెక్క. కాసేపటికి ఆ రెండూ తగ్గి తేనె, వెనిల్లా పైకి వచ్చాయి. వాటి కింద, బాగా లోతుగా, వెలిగించని చుట్ట వాసన లాంటిది ఒకటి. ఆ చుట్ట వాసనే లేకపోతే అది పిల్లల ఐస్‌క్రీమ్‌లా ఉండేది.

"మగవాళ్లదా, ఆడవాళ్లదా?" అని అడిగాను.

"ఇద్దరిదీ దిదీ, ఎవరైనా వాడొచ్చు" అంది.

కొన్నాను. చలికాలం మొదలవుతోంది. కోల్‌కతాలో చలి ఉండేదే కొద్ది వారాలు. ఆ కొద్ది వారాలకీ సరిగ్గా సరిపోయే సెంటు అనుకున్నాను.

నా ఒంటి మీద మొదటి పావుగంట అద్భుతంగా ఉంది. ఆటోలో కూర్చుని మణికట్టు మళ్లీ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆఫీసు చేరేసరికి తేనె పోయింది, నారింజ పోయింది. మిగిలింది దగ్గు మందు. చిన్నప్పుడు డాక్ ఆసుపత్రిలో పోసే ఎర్రటి మందు ఉండేది, అచ్చంగా అది. మధ్యాహ్నానికి అదీ లేదు. పక్క సీట్లో కూర్చునే ఆవిడ ఏమైనా అంటుందేమోనని రెండు మూడుసార్లు కావాలనే దగ్గరికి వెళ్లి ఫైలు అడిగాను. ఆవిడ ఫైలు ఇచ్చింది, అంతే.

అప్పటికి మా అమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. వానాకాలంలో ఆమెకు గట్టి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసనలు తెలియడం ఆగిపోయింది. నాన్న పోయాక అమ్మ ఖిదిర్‌పూర్ ఇంట్లోనే ఉండి డాక్ పనివాళ్లకు భోజనాలు వండి పెట్టేది. పోపు వేగిందో లేదో, పప్పు అడుగంటుతోందో ఏమో, అన్నీ ముక్కుతోనే తెలుసుకునేది. అది పోయేసరికి చెయ్యి విరిగినట్టు కూర్చుండిపోయింది. ఒకరోజు గ్యాస్ లీకవుతుంటే కూడా తెలియలేదు, పక్కింటివాళ్లు వచ్చి కట్టేశారు. దాంతో మా ఆయనా నేనూ వెళ్లి బలవంతంగా తీసుకొచ్చేశాం. అల్లుడి ఇంట్లో తింటూ కూర్చోవడం అమ్మకు ఇష్టం లేదు. కానీ వేరే దారి లేదు.

డాక్టరు ఒక అభ్యాసం చెప్పాడు. బాగా పరిచయమైన ఘాటు వాసనలు రోజూ కాసేపు చూపించాలి, చూస్తూ ఆ వాసనను మనసులో గుర్తు చేసుకోవాలి, నెలల తరబడి చెయ్యాలి, అప్పుడు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. నేను రోజూ పొద్దున్నే నాలుగు చిన్న డబ్బాలు పట్టుకుని అమ్మ పక్కన కూర్చునేదాన్ని. లవంగాలు, కాఫీ పొడి, నిమ్మ తొక్క, యూకలిప్టస్ నూనె.

"ఏటొస్తంది?" అని నేను కూడా ఆమె యాసలోనే అడిగేదాన్ని.

"ఏటీ రానేదు" అనేది. తర్వాత నా మొహం చూసి, "కూసింత వొచ్చినట్టే ఉందమ్మా" అనేది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

కొత్త సెంటు వచ్చాక దాన్నీ ఆ వరసలో చేర్చాను. కొట్టుకున్న వెంటనే, దగ్గు మందుగా మారకముందే, మణికట్టు ఆమె ముక్కు దగ్గర పెట్టేదాన్ని. అమ్మ కళ్లు మూసుకుని గట్టిగా పీల్చేది.

"నీ గాజులు సల్లగున్నాయే" అనేది. అంతే.

ఇలా ఉండగా మా ఆయన ఒకరోజు హడావిడిగా బయలుదేరుతూ, తన సీసా అయిపోయిందని నాది తీసి చొక్కా మీద ఇష్టం వచ్చినట్టు కొట్టుకున్నాడు. ఆయన తెలంగాణ నుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి. ఆయన ఆఫీసూ సెక్టర్ ఫైవ్‌లోనే, వేరే కంపెనీ. సెంటు అంటే ఆయనకు చెమట వాసన రాకుండా కొట్టుకునేది, అంతకుమించి ఏమీ కాదు. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆయన దగ్గర అదే వాసన, లిఫ్టులో నాకు తగిలిన వాసనే వస్తోంది. రోజంతా గడిచినా పోలేదు సరికదా, ఇంకా మెత్తబడింది. తేనె ఉంది, చుట్ట ఉంది, వెచ్చదనం ఉంది. దగ్గు మందు జాడే లేదు.

"ఇవ్వాళ అందరు అడిగిన్రు, ఏం సెంటని" అన్నాడు నవ్వుతూ. "ఒకామె అయితే నలేన్ గుడ్ వాసనొస్తుంది దాదా, ఆకలైతున్నది అన్నది."

నలేన్ గుడ్ అంటే చలికాలంలో ఇక్కడ దొరికే ఖర్జూరపు బెల్లం. కోల్‌కతాలో ఒక మనిషికి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు.

"ఎవరామె?"

"మా టీములామె."

"ఎంత దగ్గరికొచ్చి చూసింది?"

ఆయన నా వైపు తిరిగాడు. నిజంగానే అడుగుతున్నానని తెలిసి నవ్వు ఆపుకున్నాడు. "టేబుల్ అవతల కూసున్నది. అక్కడికే వచ్చిందట."

టేబుల్ అవతలికి! నేను పక్క సీటు ఆవిడ భుజం మీద వాలిపోయి ఫైలు అడిగినా రాలేదు.

ఆ తర్వాత నేను చేసిన పనులు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నవ్వు రాలేదు. మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. పొడి చర్మం సెంటును తాగేస్తుంది దిదీ, ముందు ఏదైనా నూనె రాసుకోండి అంది ఆ అమ్మాయి. కొబ్బరినూనె రాసుకుని కొట్టుకున్నాను. రోజంతా కొబ్బరి లౌజులా తిరిగాను. చెవుల వెనక కొట్టుకున్నాను. జుట్టు మీద, చీర కుచ్చిళ్ల మీద కొట్టుకున్నాను. ఉన్ని శాలువా మీద కాస్త నిలబడింది, కానీ అది శాలువా వాసన, నాది కాదు. శాలువా కుర్చీకి తగిలించి లేచి వెళ్తే వాసన కుర్చీ దగ్గరే ఉండిపోయేది.

మా ఆయన ఏమీ చెయ్యకుండానే గుబాళించేవాడు. బాల్కనీలో బట్టలు తీస్తున్నా, పేపరు చదువుతున్నా, చేపలు తేవడానికి వెళ్లొచ్చినా అదే వాసన. చేపల సంచితో లిఫ్టు లేని మా మూడంతస్తుల మెట్లు ఎక్కి వచ్చిన మనిషి దగ్గర తేనె వాసన రావడం ఏం న్యాయం? కింది ఇంటి బెంగాలీ పెద్దావిడ మెట్ల మీద నన్ను ఆపి, "మీవారు ఇప్పుడే వచ్చినట్టున్నారే" అంది. ఎలా తెలిసిందని నేను అడగలేదు.

"అది నా సీసా" అన్నాను ఒకరోజు ఆయనతో.

"సరే, వాడను" అన్నాడు. వెంటనే. ఒక్క మాట కూడా వాదించలేదు. తనకు అదేమీ పెద్ద విషయం కాదు. నాకు ఇంకా మండింది. సీసా తీసుకెళ్లి ఆఫీసులో నా డ్రాయరులో పెట్టుకున్నాను.

సీసా అక్కడుంది గానీ ఆయన నీలం స్వెట్టరుకు అప్పటికే ఆ వాసన పట్టేసింది. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున అమ్మ బాల్కనీలో ఎండకు కూర్చుంది. గాలి చల్లగా ఉంది. నేను వంటింట్లో పప్పు తిరగమోత పెడుతున్నాను. మా ఆయన తన ఒంటి మీది స్వెట్టరు తీసి అమ్మ భుజాల చుట్టూ కప్పడం వంటింటి కిటికీలోంచి కనిపించింది.

"అద్దు బాబూ, నువ్వేసుకో" అని అమ్మ అంటోంది. ఇంతలో మాట ఆగిపోయింది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఆగు. మాటాడకు." గట్టిగా పీల్చిన చప్పుడు వినిపించింది. "ఏటిది బాబూ? ఏటి రాసుకున్నావు?"

నేను గరిటె అలాగే పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తాను. అమ్మ స్వెట్టరు చెయ్యిని రెండు చేతులా పట్టుకుని ముఖానికి అదుముకుని ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా, వాసన వస్తోందా?"

"వొత్తందే" అంది, ముఖం పైకెత్తకుండానే. "బెల్లం పాకం. పాకంలో ఎవలో లవంగం ఏసినట్టు. ఓలమ్మో, ఎన్నాళ్లయిపోనాదే."

నేను పక్కన కూలబడ్డాను. నాకూ ఏడుపు వచ్చింది. ఆ నెలల్లో ఆమె ఎంత మౌనంగా తిన్నదో, ఎంత అన్నం వదిలేసిందో నాకు తెలుసు. ఆ సంతోషం అబద్ధం కాదు. కానీ ఆ కన్నీళ్లు ఆరకముందే నా నోటి వెంట ఒక ప్రశ్న వచ్చేసింది.

"నేను రోజూ నా చేతి మీద చూపించింది ఇదేనమ్మా. ఇదే సీసా. నీకు రాలేదా?"

"రానేదమ్మా" అంది అమాయకంగా. "నీ కాడ ఎప్పుడూ రానేదు. ఇది బాబు కాడిది."

వంటింట్లో పోపు మాడిపోయింది. ఆ మాడు వాసన అమ్మకు తెలియలేదు. నాకు, ఆయనకు తెలిసింది. ముందు ఆయనే లేచి వెళ్లి స్టవ్ కట్టేశాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో తంతు మారిపోయింది. పొద్దున్నే నేను నాలుగు డబ్బాలు పట్టుకుని కూర్చుంటే అమ్మ వాటిని ఏదో మొహమాటానికి చూసేది. సాయంత్రం అయితే కళ్లు తలుపు వైపే ఉండేవి.

"బాబు ఇంకా రానేదేటి?"

"ట్రాఫిక్ ఉంటుంది."

"ఫోన్ సెయ్యి ఓపాలి."

నేను రోజూ ఆయనకంటే ముందే వచ్చేదాన్ని. నేను వచ్చినప్పుడు అమ్మ టీవీ చూస్తూ, "వొచ్చినావా" అనేది. ఆయన వస్తే లేచి నిలబడేది. సీసా మళ్లీ ఇంటికి తెచ్చాను, తప్పదు కదా. ఆయన కొట్టుకుంటాడు, ఆమె పీలుస్తుంది, ఈ రోజు తేనె తెలిసిందనీ, ఈ రోజు నారింజ తొక్క కూడా తెలిసిందనీ చెబుతుంది, ఆయన పొంగిపోతాడు. అల్లుడి ఎదుట గట్టిగా మాట్లాడటానికే సిగ్గుపడే మా అమ్మ ఆయన భుజం దగ్గర ముక్కు పెట్టి పిల్లలా నవ్వేది. నేను పక్కన డబ్బాలు పట్టుకుని కూర్చునేదాన్ని. ఒకే ఇంట్లో, నా సొంత సీసాతో, నా కన్నతల్లిని ఆయన గెలుచుకున్నట్టు అనిపించేది. ఇలా అనిపిస్తోందని ఎవరికైనా చెప్పుకుంటే నవ్విపోతారు. ఆయన వేరే ఆడదాని వెంట పడలేదు, అమ్మను నా నుంచి దూరం చెయ్యలేదు. ఉత్తినే నిలబడ్డాడు, అంతే.

ఒక సాయంత్రం ఇద్దరం సరుకులకు వెళ్లి పార్కు పక్కగా నడిచి వస్తున్నాం. సంచులు ఆయన చేతిలో ఉన్నాయి. గాలి ఆయన వైపు నుంచి వీస్తోంది. ఆ వాసన తగలగానే నేను ఆగలేకపోయాను.

"నెలల తరబడి నేను కూర్చుంటే రాలేదు. నువ్వు స్వెట్టరు కప్పితే వచ్చింది. నువ్వేం చేశావు?"

"నేనేం చేసిన? చలి పెడుతుంటె కప్పిన."

"నా సీసా. నా అమ్మ."

ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆగాడు. సంచులు కింద పెట్టాడు.

"ఒకటి చెప్పాల్నా? మా అమ్మ ఫోన్ చేస్తే నాతోని ఎంతసేపు మాట్లాడుతది? తిన్నవా బిడ్డా, మంచిగున్నవా, ఇగ ఆమెకియ్యి. నీతోని గంట మాట్లాడుతది. నా చిన్నప్పటి ముచ్చట్లు నాకు కూడ చెప్పలేదు, నీకు చెప్పింది. నాకు మండదా?"

"ఎప్పుడూ అనలేదే."

"ఏమని అంటరు గిసుంటివి?" అని సంచులు ఎత్తుకున్నాడు. "నీకైతే నోరుంది."

ఆ మాట విన్నాక నాకు కొంచెం తేలికైంది. ఎందుకంటే, ఆయనకూ మండుతుందని తెలిసింది. మంచి కారణం కాదు, అయినా చెబుతున్నాను. ఇంటికి వచ్చేదాకా మా అత్తగారు నాకు చెప్పినవి, ఆయనకు తెలియనివి రెండు ముచ్చట్లు చెప్పాను. ఊరించి ఊరించి చెప్పాను. మూడోది ఉందని మాత్రం చెప్పి ఆపేశాను.

ఫిబ్రవరి దాటేసరికి చలి పోయింది. ఆ సెంటు ఉక్కపోతకు పనికిరాదు. చెమటతో కలిస్తే తేనె జిగురవుతుంది, చుట్ట ఒక్కటే పైకొస్తుంది. అది ఆయన మీద కూడా నిలవలేదు. ఒకరోజు కిక్కిరిసిన బస్సులో పక్కనున్న మనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడని వచ్చి చెప్పాడు. నేను సానుభూతి చూపించాను. లోపల ఎంత చల్లగా ఉందో నాకే తెలుసు. తర్వాత నుంచి ఏసీ గదిలో పడుకునే ముందు ఒక్కసారి, మెడ వెనక మాత్రం కొట్టుకునేవాడు. ఎండాకాలంలో అంతకుమించి దాన్ని భరించలేం.

కానీ అప్పటికి అమ్మ ముక్కుకు ఆ సాయం అక్కర్లేకపోయింది. సెంటు తర్వాత లవంగం వచ్చింది, లవంగం తర్వాత కాఫీ. యూకలిప్టస్ నూనె పెట్టగానే తల వెనక్కి లాక్కున్న రోజున నేను డబ్బా పట్టుకుని ఎగిరినంత పని చేశాను. అది నేనున్నప్పుడు, నా చేతిలోంచి వచ్చింది. ఆయన ఊళ్లో లేడు. ఫోన్ చేసి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మరో రోజు నేను ఫోన్‌లో ఆఫీసు మీటింగులో ఉండగా అమ్మ ముందుగదిలోంచి కేకేసింది, "పప్పు అడుగంటతంది, సూడు!" నిజంగానే అంటుతోంది. చేపల వాసన మాత్రం ఇప్పటికీ సగమే తెలుస్తుంది. అది పూర్తిగా రాకపోవచ్చని డాక్టరు అన్నాడు.

వాసనలు వచ్చాక అమ్మ ఒక్క వారం ఆగలేదు. ఇంటికి పోతానంది. ఎవలి ఇల్లు ఆలకే బాగుంటాది అంది. ఆదివారం క్యాబ్‌లో ఖిదిర్‌పూర్ తీసుకెళ్లాం. తలుపులు తెరిచి, ఇల్లు తుడిచి, స్టవ్ వెలిగించేసరికి పాత ఇరుగుపొరుగు అంతా గుమ్మంలో చేరారు. అమ్మ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ముందు వంట అంది. చింతపండు పిసికి, ఎండుమిర్చి వేయించి, వంకాయ పులుసు పెట్టింది. పోపు వేగేటప్పుడు మూకుడు మీదికి వంగి, కళ్లు మూసుకుని పీల్చింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. బిగపట్టిన ఆమె భుజాలు ఒక్కసారి వదులయ్యాయి.

తర్వాత ఒక చిన్న గిన్నెలో పులుసు పోసుకుని ముందుగదిలోకి వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆ పులుసు తిన్నదాన్ని నేను. ఉప్పు ఎంత ఉండాలో, పులుపు ఎక్కడ ఆగాలో నాకంటే ఎవరికీ తెలియదు. చెయ్యి చాపాను.

అమ్మ నన్ను దాటుకుని వెళ్లి ఆయన ముందు గిన్నె పెట్టింది.

"సరిపోనాదేటో సూడు బాబూ."

ఆయన గిన్నె అందుకుని నా వైపు చూశాడు. ఏం చెయ్యాలో తెలియలేదు పాపం. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఆయన నోటి వైపే చూస్తోంది. నేను వంటింట్లోకి వెళ్లి ఇంకో గిన్నె తెచ్చుకున్నాను. నా అంతట నేనే నిండా పోసుకుని, వచ్చి ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. ఉప్పు కొంచెం తగ్గింది. ఆయన బాగుందన్నాడు.